పచ్చి వాసన

సేపా గరిటె ముంచేసింది.

పెరటి గుమ్మంలో కూర్చుని గుమ్మడికాయ కూరకి కొబ్బరి తురుముతున్న మెర్లీ చెయ్యి ఆగిపోయింది. కుండలో వెనిగర్ పోసి ఎంతోసేపు కాలేదు. ఇంకా తెర్లలేదు. అంచుల దగ్గర మాత్రం చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి. అలాంటి కుండని అత్తగారు అడుగునుంచి కలిపేస్తోంది.

పంది మాంసపు అదోబో కూర కుండలో వెనిగర్ పోశాక అది బాగా తెర్లి, పచ్చి వాసన పోయేదాకా గరిటె ముట్టుకోకూడదు. మూత కూడా పెట్టకూడదు. బతాంగాస్‌లో పుట్టిన ఆడపిల్లకి జపమాల ప్రార్థన కన్నా ముందు ఈ సంగతే నేర్పుతారు. తొందరపడి కలిపితే ఆ పచ్చిదనం పంది మాంసంలోకి దిగిపోతుంది. ఇక ఎంత ఉడికించినా వదలదు.

ఆరేళ్ళ కిందట ఇలోయిలో అనే దూరపు ఊరి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో మెర్లీ సరిగ్గా ఈ తప్పే చేయబోయింది. సేపా గరిటెతో ఆమె వేళ్ళ మీద ఒక్కటి వేసింది. ఆనాటి నుంచి మెర్లీ ఈ ఇంట్లో అన్నం వండవచ్చు, చేపలు తోమవచ్చు, కొబ్బరి తురమవచ్చు. అదోబో కుండ మాత్రం ముట్టుకోకూడదు.

"అబ్బబ్బ, ఏం ఘాటు! కళ్ళు మండిపోతున్నాయి ఇనాయ్!"

జుట్టుకి రోలర్లు చుట్టుకుని, చేతిలో ఇస్త్రీ చెయ్యని గౌనుతో సెలియా వంటింట్లోకి వచ్చింది. సేపా కూతురు. ఇనాయ్ అంటే అమ్మ; కోడలు కూడా అత్తగారిని అలాగే పిలుస్తుంది. ఇవాళ మధ్యాహ్నం ఎల్మర్ తన అమ్మానాన్నలతో వచ్చి పెళ్ళికి అడగబోయేది ఈ పిల్లనే.

సేపా చేతిలో గరిటె నిలిచిపోయింది.

"ఘాటుగా ఉందా?" అంది.

"ఉండదా మరి? ఇప్పుడేగా పోశావు. నీకేం, అలవాటైపోయింది."

సేపా గరిటె పైకి తీసి చూసుకుంది. ఎవరి వస్తువో పొరపాటున చేతిలోకి వచ్చినట్టు మెల్లిగా పక్కన పెట్టింది. తలెత్తేసరికి కోడలి కళ్ళు ఎదురయ్యాయి. ఇద్దరూ చూపు తిప్పుకున్నారు.

పోయిన ఆదివారం కూడా ఇలాగే తిప్పుకున్నారు. అన్నం అడుగంటి మాడు వాసన వీధి దాకా పోయింది. ఆ పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న సేపాకి తెలియలేదు. పక్కింటి చేదెంగ్ తన కొట్టులోంచి కేకలు పెడితే మెర్లీ పరుగెత్తుకొచ్చి కుండ దించింది.

క్రిస్మస్‌కి వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ సేపాకి వాసన తెలియకుండా చేసి పోయింది. ఆ సంగతి సేపాకి తెలుసు. ఆ ఆదివారం నుంచి మెర్లీకీ తెలుసు. ఒకరికి తెలుసునని రెండోవాళ్ళకీ తెలుసు. మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

సెలియా బల్ల మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది.

"ఇనాయ్, ఎల్మర్ నిన్న మళ్ళీ అదే పాట. 'మా అమ్మకి చెప్పాల్సినవి ఏమన్నా ఉంటే ముందే చెప్పెయ్యండి, తర్వాత తెలిస్తే ఊరుకోదు' అని."

"ఏముంటాయి మన దగ్గర?"

"నేనూ అదే అన్నాను. అతనికి ఇదివరకు కుదిరిన ఆ సంబంధం ఉంది చూడు, ఆ పిల్లకి మూర్ఛ వస్తుందని దాచారట. ఉంగరాలు కొన్నాక తెలిసింది. వాళ్ళమ్మ వెళ్ళి ఉంగరాలు వెనక్కి తెచ్చేసింది. మూర్ఛ ఉన్నందుక్కాదట. దాచినందుకట."

"చెప్పావులే ఇదివరకే."

"'మా ఇంట్లో దాపరికాలేం లేవు, మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు' అన్నాను."

"అలా అన్నావా?"

"అనొద్దా?"

సేపా పొయ్యిలోని కట్టెని లోపలికి తోసింది. దాన్ని తోయాల్సిన అవసరం లేదు.

"ఇంకా ఆ వెనిగర్ ఒకటి!" సెలియా గోళ్ళు కొరుక్కుంటూ కుండ వైపు చూసింది. "ఎల్మర్ వాళ్ళమ్మ కావాలని తన జాడీలోదే పంపించింది చూశావా? దీంతో వండండి, వచ్చి తింటాను అని. తన వెనిగర్‌తో మనకి పరీక్ష పెట్టినట్టు కాదూ! ఆవిడ ముక్కు మామూలు ముక్కు కాదటమ్మా. వీధిలో పోతూ ఏ ఇంట్లో ఎవరి వెనిగర్ వాడుతున్నారో చెప్పేస్తుందట."

"వెళ్ళి జుట్టు చూసుకో. ఒక పక్క రోలరు ఊడిపోతోంది."

సెలియా వెళ్ళిపోయింది. వెదురు తడిక అవతల ఇస్త్రీపెట్టె చప్పుడు మొదలైంది.

మెర్లీ కొబ్బరి చిప్ప కింద పెట్టి చేతులు కడుక్కుంది. ఆమె దేవత కాదు, ఆ సంగతి పాఠకులకి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆరేళ్ళ నాటి గరిటె దెబ్బ ఇంకా ఆమె వేళ్ళలో ఉంది. 'పడనీ, ఒక్కసారి అందరి ముందూ పడనీ' అని ఆమెకి నిజంగానే అనిపించింది. అనిపించినందుకు వెంటనే సిగ్గూ వేసింది. ఎందుకంటే పడేది సేపా ఒక్కతే కాదు. ఈ ఇంట్లో మొదటి రోజునుంచీ తనని నోరారా 'ఆతే, ఆతే' అని అక్కలా పిలిచింది సెలియా ఒక్కతే.

పొయ్యి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది.

"ఇనాయ్, పచ్చిగానే ఉంది."

"ఏది?"

"కుండ. తెర్లకముందే కలిపారు."

"తెర్లింది. నేను చూశాను."

"తెర్లలేదు."

"నువ్వు కొబ్బరి తురుముతున్నావు, నీకేం కనపడింది?" సేపా కూడా గొంతు పెంచలేదు. తడిక అవతల కూతురుంది. "పెళ్ళైన నాటినుంచీ వండుతున్నాను నేను. మీ ఊళ్ళో అదోబోలో సోయా సాస్ పోసి బొగ్గు చేస్తారు. నువ్వా నాకు చెప్పేది?"

"మా ఊరి సంగతి తర్వాత. ఒకసారి రుచి చూడండి."

సేపా గరిటె అంచుతో కాస్త పులుసు తీసుకుంది. ఊదుకుని నాలిక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ అలాగే మూసుకుంటుంది.

"ఉప్పు సరిపోయింది. పులుపు సరిపోయింది."

"పచ్చి వాసన?"

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. సేపా కళ్ళు తెరవలేదు.

"జలుబు చేసింది. ముక్కు దిబ్బడేసింది."

"క్రిస్మస్ నుంచా?"

సేపా కళ్ళు తెరిచింది. చెయ్యి పైకి లేచింది. కొడుతుందేమో అనుకుని మెర్లీ కదలకుండా నిలబడింది. ఆ చెయ్యి గాల్లోనే ఆగి, దిగి, నడుముకి కట్టుకున్న గుడ్డకి తడి తుడుచుకుంది.

"నోరు ముయ్యి," అంది గుసగుసగా.

గొంతు లేవని పోట్లాట చూసేవాళ్ళకి ఏమీ అనిపించదు. పడేవాళ్ళకే తెలుస్తుంది. అరిచి పోట్లాడుకుంటే కనీసం ఊపిరన్నా ఆడుతుంది.

"నీకు తెలిసి వారమైంది. వాడితో ఎందుకు చెప్పలేదు?" అడిగింది సేపా. వాడంటే కొడుకు ఫిదెల్, మెర్లీ మొగుడు.

"మీరే చెప్తారని."

"కాదు. దాచిపెట్టుకున్నావు. ఇలాంటి రోజు కోసం."

ఆ మాటలో సగం నిజముంది. అందుకే మెర్లీకి ఒళ్ళు మండింది.

"నేను దాచింది మీ పరువు ఇనాయ్! ఇవాళ ఆవిడ ముందు కూడా దాచమంటే దాస్తాను. కానీ కుండని ఎక్కడ దాచను? ఆవిడ వెనిగర్ చేసే మనిషి. మొదటి ముక్కకే పట్టేస్తుంది. ఎందుకిలా అయిందని అడుగుతుంది. అప్పుడేం చెప్తారు?"

"చేయి తప్పిందంటాను."

"మీ చేయి తప్పిందంటే ఈ ఊళ్ళో ఎవరన్నా నమ్ముతారా?"

తిట్టులాగే అంది గానీ అది మెచ్చుకోలు. సేపా అది గమనించిందో లేదో. పీట మీద కూలబడింది.

"వాసన తెలీనిదాన్ని వంటింట్లో ఎవరుంచుతారే?" అంది. "ఓ మూల కూర్చోబెట్టి, చేతిలో విసనకర్ర పెట్టి, ఈగలు తోలమంటారు. మా అత్తగారిని నేను అలాగే కూర్చోబెట్టాను."

 కుండ ఇప్పుడు నిజంగా తెర్లుతోంది. పసుపు కొమ్ము దంచి వేసిన పులుసు బంగారంలా ఉంది. చూడటానికి ఏ లోపమూ లేదు. ఆవిరి మాత్రం ముక్కుని పొడుస్తోంది.

"బాగా పచ్చిగా ఉందా?" సేపా అడిగింది.

ఈ ఆరేళ్ళలో వంట గురించి ఆవిడ మెర్లీని అడిగిన మొదటి మాట అది.

"ఉంది ఇనాయ్."

"పారబోసి మళ్ళీ మొదలుపెడదామంటే మాంసం లేదు. టైమూ లేదు."

అంతలో వీధి వైపు నుంచి ఫిదెల్ రెండు చేతుల్లో నాలుగు అరువు కుర్చీలు వేలాడేసుకుని దూసుకొచ్చాడు. తండ్రి పోయాక ఇంటికి పెద్ద అతనే. ఇవాళ ఆ పెద్దరికానికి కొత్త చొక్కా కూడా వేసుకున్నాడు.

"దిగారు! జీప్నీ బండి దిగారు! చేదెంగ్ కొట్టు ముందు ఆగారు. వాళ్ళమ్మ చేదెంగ్‌తో ఏదో మాట్లాడుతోంది."

అత్తా కోడళ్ళిద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగారు.

"ఏం మాట్లాడుతోంది?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"నాకేం తెలుసు? ఆడవాళ్ళ మాటలు. చేదెంగ్ నోరు తెరిస్తే ఆపగలరా ఎవరన్నా? మన ఇంటి వైపే మూతితో చూపిస్తోంది." అతను కుర్చీలు దించి కుండలోకి తొంగి చూశాడు. "ఒక్క ముక్క..."

"ముట్టుకోకు!"

అది కూడా ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఫిదెల్ చేతులు పైకెత్తి నవ్వాడు. "పెళ్ళైన ఇన్నాళ్ళకి మీరిద్దరూ ఒక మాట మీద నిలబడ్డారు. సెలియా పెళ్ళి రోజూ జరిగితే బాగుండు!" అంటూ కుర్చీలు తీసుకుని ముందు గదిలోకి పోయాడు. వాళ్ళిద్దరి ముఖాల్లో రక్తం లేదన్న సంగతి అతను చూడలేదు. ఈ ఫిదెల్ ఎప్పుడు ఏం చూశాడు గనక!

చేదెంగ్ చెప్పేదేమిటో మెర్లీకి తెలుసు. ఆదివారం మాడిన అన్నం. పక్కనే కూర్చున్న మనిషి. కేకలు పెడితే గానీ లేవని మనిషి. తెలివైన ముక్కున్నవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

మెర్లీ కొబ్బరి తురుములో కాసిని నీళ్ళు చిలకరించి పిసకడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"చిక్కటి పాలు పోస్తాను. పచ్చిదనాన్ని అవే లాగేస్తాయి."

"పొయ్యకు."

"ఇనాయ్..."

"ఇది మా అమ్మ అదోబో. పసుపు, వెల్లుల్లి, మిరియాలు, వెనిగర్. ఇందులో కొబ్బరి పాలు ఎన్నడూ పడలేదు."

"పచ్చి వాసనా ఎన్నడూ పడలేదు."

సేపా ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయింది. తడిక అవతలినుంచి సెలియా సన్నగా ఏదో పాట తీస్తోంది. భయమేస్తే ఆ పిల్ల అలా కూనిరాగాలు తీస్తుంది, చిన్నప్పటినుంచీ. సేపా ఆ పాట విన్నది. సరేనని అనలేదు. పీట మీదనుంచి లేచి, పొయ్యి ముందునుంచి పక్కకి జరిగింది.

మెర్లీ పాలు పోసింది. పసుపు పచ్చటి పులుసులో తెల్లటి చారలు పాకి, కలిసి, అంతా లేత రంగుకి తిరిగింది. మంట తగ్గించి కుండ మీదకి వంగి వాసన చూసింది.

"పోయిందా?" సేపా అడిగింది.

"పోతోంది."

"ఇప్పుడు?"

"ఇంకొంచెం."

సేపా కుండ వైపు చూడటం మానేసి కోడలి ముఖం వైపే చూస్తోంది. ఆ ముక్కు ఎగపీల్చినప్పుడల్లా, ఆ కనుబొమలు ముడిపడ్డప్పుడల్లా ఆవిడ ఇంకాస్త దగ్గరికి జరిగింది. వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడయింది. ఫిదెల్ "రండి, రండి" అంటున్నాడు.

"ఇప్పుడో?"

నూనె పైకి తేలింది. మెర్లీ మరోసారి వంగింది. ఈసారి కొబ్బరీ, పసుపూ, పంది కొవ్వూ కలిసిన కమ్మటి వాసన తప్ప ఇంకేమీ రాలేదు. అడుగున ఎక్కడో సన్నగా ఇంకొకటేదో ఉందేమో కూడా. ఆ మాట ఆమె చెప్పలేదు.

"పోయింది ఇనాయ్."

* * *

ఎల్మర్ తల్లి బసిలిసా సన్నటి మనిషి. మడత నలగని చీటి గౌను, చేతిలో నల్ల విసనకర్ర. వెనకాల ఆవిడ భర్త తోర్యో, ఈ రోజు కోసం కంఠతా పెట్టిన మాటలు మర్చిపోతానేమోనని పెదవులు కదుపుకుంటూ వచ్చాడు. ఎల్మర్ చేతుల్లో అరిటాకు కప్పిన పళ్ళెం ఉంది. అందులో బెల్లమూ కొబ్బరిపాలూ పోసి వండిన బంకబియ్యపు మిఠాయి. సంబంధం అతుక్కోవాలని మగపెళ్ళివారు తెచ్చేది అదే. అడగడమూ ఒప్పుకోవడమూ అయ్యాక పిల్లా పిల్లాడూ కలిసి దాన్ని కోస్తారు.

ఎల్మర్ పెద్దలకి దండం పెట్టే పద్ధతిలో సేపా చేతిని అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. అతని చేతులు చల్లగా ఉన్నాయి. పాపం, అతనికీ భయమే.

"కొబ్బరి పాలు," అంది బసిలిసా గుమ్మం లోపలికి అడుగు పెట్టగానే. అదే ఆవిడ మొదటి పలకరింపు.

"గుమ్మడికాయ కూరలోవండీ," అంది మెర్లీ గబగబా.

"అందులోనే కాదు."

సెలియా మెర్లీ వైపు చూసింది. మెర్లీ పళ్ళేలు సర్దుతున్నట్టు నటించింది.

తోర్యో గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "మేము ఇవాళ మీ గడప తొక్కింది ఎందుకంటే..."

"మాటలు తర్వాత," అంది బసిలిసా. "ముందు అన్నం. మా వెనిగర్ ఏమైందో చూడనీ."

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మెర్లీ వడ్డించింది. సేపా ఆవిడకి ఎదురుగా కూర్చుని ఒడిలో చేతులు పెట్టుకుంది. ఆ చేతులు ఒకదాన్నొకటి నలుపుకోవడం వెనక నిలబడ్డ మెర్లీకి మాత్రమే కనపడుతోంది.

బసిలిసా ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. ముందు ముక్కు దగ్గరకి తెచ్చుకుంది. తర్వాత తిన్నది. నెమ్మదిగా నమిలింది. బల్ల దగ్గర ఎవరూ చెంచా ఎత్తలేదు. వీధిలో ఎవరిదో కోడి అరిచింది.

"బాగుంది," అంది.

సెలియా ఊపిరి వదిలింది. ఫిదెల్ పెద్దగా నవ్వి తోర్యో పళ్ళెంలో రెండు ముక్కలు వేశాడు.

"కానీ ఇది నీ చేతి వంట కాదు సేపా."

ఫిదెల్ నవ్వు మధ్యలో తెగిపోయింది.

"నీ అదోబో నేనెన్నిసార్లు తినలేదు, ఊరి పండక్కి, మీ ఆయన పోయినప్పుడు!" బసిలిసా విసనకర్ర విప్పింది. "అందులో కొబ్బరి పాలు పొయ్యవు నువ్వు. పోసేవాళ్ళని చూసి నవ్వేదానివి. మరి ఇవాళ ఎందుకు పోశావు?"

"పిల్లల ముచ్చట," అంది సేపా. "కొత్త చుట్టరికం, కొత్త రుచి."

"అలాగా."

మంచి జవాబే. మెర్లీ మనసులోనే అత్తగారిని మెచ్చుకుంది. కానీ బసిలిసా ముఖంలో ఏ మార్పూ లేదు. చేతిసంచిలోంచి గోధుమరంగు గాజు సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మా కొత్త జాడీది. పెళ్ళి విందుకి ఇదే పోద్దామని ఆయన గొడవ. మాగిందో లేదో నాకు అనుమానంగా ఉంది. నువ్వు చెప్పు సేపా. నీ ముక్కు మీద నాకు నమ్మకం."

తోర్యో ఆశ్చర్యంగా భార్య వైపు చూశాడు. అతను ఏ గొడవా చేసినట్టు లేడు.

బసిలిసా బిరడా లాగి సీసాని సేపా ముందుకి జరిపింది.

సేపా కుర్చీ వెనకే నిలబడ్డ మెర్లీ అప్పుడు గమనించింది. కల్లు వెనిగర్ సీసా బిరడా తీస్తే ఎదురుగా ఉన్నవాళ్ళ ముక్కులు అదరాలి. ఏమీ రాలేదు. కొబ్బరి వాసన ఉంది, పసుపు వాసన ఉంది, సెలియా రాసుకున్న పౌడరు వాసన ఉంది. సీసాలోంచి మాత్రం ఏ వాసనా లేదు.

అవి నీళ్ళు.

చేదెంగ్ చెప్పేసింది. ఈవిడ ఆ కొట్టులోనే సీసాలో నీళ్ళు పోసుకుని వచ్చింది. ఇప్పుడు సేపా 'బాగా మాగింది' అన్నా పట్టుబడుతుంది, 'ఇంకా మాగాలి' అన్నా పట్టుబడుతుంది. ఏం చెప్పినా అబద్ధమే. ఆ అబద్ధం కోసమే ఆవిడ విసనకర్ర ఆపి చూస్తోంది.

 ఎలా చెప్పాలి? దగ్గితే? చెయ్యి తగిలినట్టు సీసా పడగొడితే? మెర్లీ అత్తగారి భుజం మీద చెయ్యి వేసి కాస్త నొక్కింది. సేపా ఆ చెయ్యిని పట్టించుకోలేదు. సీసా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది, ఎప్పటిలాగే.

"ఈ ఊళ్ళో మా అమ్మని మించి వెనిగర్ సంగతి తెలిసినవాళ్ళెవరూ లేరు," అంది సెలియా ఎల్మర్ చెవిలో. గర్వంగానే అంది. అందరికీ వినపడింది.

సేపాకీ వినపడింది. ఆవిడ కళ్ళు తెరిచి చాలాసేపు కూతురి వైపు చూసింది. తర్వాత సీసాని తన ముక్కు దగ్గరనుంచి తీసి, తల కూడా తిప్పకుండా, వెనక్కి అందించింది.

"మెర్లీ, నువ్వు చూడు."

"ఇనాయ్?"

"నాకు వాసన తెలీదు బసిలిసా." రెండో చెయ్యి ఒడిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "క్రిస్మస్ జ్వరం దగ్గర్నుంచీ. పువ్వు తెలీదు, పేడ తెలీదు. పొద్దున నీ వెనిగర్ తెర్లకుండానే గరిటె పెట్టేశాను. కుండని కాపాడింది నా కోడలు. దాచాను. నా ఇంట్లోవాళ్ళ దగ్గరే దాచాను. ఇక ఈ వంటింట్లో వాసన చూసేది ఇదే. ఇదేమంటే అదే నా మాట."

 ఫిదెల్ నోరు తెరుచుకుని తల్లి వైపు, పెళ్ళాం వైపు మార్చి మార్చి చూశాడు. సెలియా ముఖంలో రంగు పోయింది.

"చెప్పవే," అంది సేపా.

మెర్లీ సీసా అందుకుంది. వాసన చూడాల్సిన పనిలేదు, అయినా చూసింది. బసిలిసా కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. మాగిందని చెబితే అబద్ధం, అదీ అత్తగారు ఇప్పుడే తన చేతిలో పెట్టిన మాట మీద అబద్ధం. నిజం చెబితే పెళ్ళికొడుకు తల్లిని ఆమె కొడుకు ముందే నిలదీసినట్టు. సెలియా పెళ్ళి ఏమవుతుందో దేవుడికే తెలియాలి.

"నీళ్ళండీ," అంది.

"ఏమిటీ?" అన్నాడు తోర్యో.

"సీసాలో ఉన్నవి వట్టి నీళ్ళు."

ఎల్మర్ లేచి ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నాడు. అరచేతిలో కాసిని ఒంపుకుని నాలికకి తగిలించుకున్నాడు. తల్లి వైపు తిరిగాడు.

"ఏంటమ్మా ఇది?"

"పరీక్ష," అంది బసిలిసా. విసనకర్ర మూసింది.  "వీధిలో వాళ్ళు చెప్పాలా నాకు? ఇన్ని నెలలు దాచారు. నేను అడక్కపోతే ఇవాళా దాచేవాళ్ళు."

"అడగలేదు నువ్వు. మోసం చేశావు."

"ఎల్మర్! పద ఇంటికి."

బసిలిసా లేచి, ఇంకా కోయని మిఠాయి పళ్ళెం మీద చెయ్యి వేసింది. ఎల్మర్ కదల్లేదు. తోర్యో భార్యని చూశాడు, కొడుకుని చూశాడు, చివరికి తన పళ్ళెంలోని ముక్కల్ని చూసుకుంటూ కూర్చుండిపోయాడు.

సెలియా లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పళ్ళేనికి రెండో అంచు గట్టిగా పట్టుకుంది. బసిలిసా లాగింది. సెలియా వదల్లేదు. అరిటాకు జారి నేల మీద పడింది.

కానీ ఆమె చూస్తున్నది బసిలిసాని కాదు. ఎదురుగా కూర్చున్న తల్లిని చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఆతేకి తెలుసు," అంది. "నాకెందుకు చెప్పలేదు ఇనాయ్?"